అరగని బొమ్మ

కథల పటాలు గీసే చేర్యాల నకాషీల బొమ్మ ట్రేల మీదికి, పెన్నుల డబ్బాల మీదికి, తాళాలు తగిలించే చెక్కల మీదికి దిగింది కాబట్టి కళ దిగజారిందని బాధపడేవాళ్లున్నారు. నాకు ఆ బాధ మీదే అనుమానం. దిగజారడానికి అది ముందు ఏ మెట్టు మీదుందని? మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు పటాన్ని గోడకు వేలాడదీయడానికి గీయలేదు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పాలన్నా, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పాలన్నా అది పనిముట్టు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించింది ఊరూరా విప్పి చుట్టే రాపిడికి ఆగాలనే. నలిగిపోతే పాతదాన్ని నీళ్లలో కలిపి, కొత్తది గీయించుకునేవారు. అంతదూరమెందుకు, హుజూరాబాద్ పల్లెల్లో పెళ్లికి కుమ్మరింటి నుంచి తెచ్చే ఐరేని కుండల మీద రంగులుంటాయి. పెళ్లయ్యాక ఆ కుండ పగిలితే కళ నాశనమైందని ఎవరూ ఏడవరు. ఇంకో పెళ్లికి ఇంకో కుండ.

పటానికి కథ ఉంది, ట్రేకి ఏముంది అని అడగొచ్చు. గట్టి ప్రశ్నే. ఒక కులం పుట్టుక మొత్తం చెప్పిన చేయి, ఇప్పుడు నెత్తిన కుండతో ఇద్దరు ఆడవాళ్లను గీసి సరిపెడుతోంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కథను ట్రే చంపలేదు. రాత్రంతా కూర్చుని వినే జనం తగ్గారు, చెప్పేవాళ్లకు త్యాగం పేరుతో ఇచ్చే ప్రతిఫలం తగ్గింది, పటం గీయించేవాళ్లు కరువయ్యారు. ఆ తర్వాతే నకాషీ చిన్న వస్తువుల వైపు తిరిగాడు. నిర్మల్ నకాషీలు 1955లో సహకార సంఘంగా ఏర్పడి పొనికి కర్రతో బొమ్మలు, పండ్లు చేసి అమ్ముకున్నదీ బతకడానికే, దాన్నెవరూ పతనమనలేదు.

నన్ను తొలిచేది వేరే. కొన్న ట్రేలో మనం చాయ్ ఇవ్వం. అద్దాల బీరువాలో పెడతాం. నలిగిన పటం నకాషీకి మళ్లీ పని తెచ్చేది. బీరువాలోని ట్రే ఇంటికి ఒక్కసారే అమ్ముడుపోతుంది. గౌరవం పేరుతో మనం చేస్తున్నది అతని గిరాకీని ఆపడమే. కొన్నవాళ్లు దాన్ని వాడండి. రంగు పోతే చేర్యాల పోయి ఇంకోటి కొనండి.