జ్ఞాపకం కోల్పోయిన తల్లిదండ్రులు - మన బాధ్యత

కన్నతల్లిని సంరక్షణ కేంద్రంలో చేర్చడం ధర్మసమ్మతమేనా? ఈ ప్రశ్న అడగడానికే మన కుటుంబాలు జంకుతాయి. వృద్ధాశ్రమాలు తల్లిదండ్రులను వదిలించుకునే పోకడ అని మనం విమర్శిస్తూ వచ్చాం. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. కాని డిమెన్షియా సంగతి వేరు.

ఇది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు, మెదడును క్రమంగా దెబ్బతీసే జబ్బు. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. వ్యాధి ముదిరితే రాత్రిళ్లు నిద్ర ఉండదు. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోతారు. పొయ్యి వెలిగించి మరచిపోతారు. కన్నకొడుకునే దొంగ అంటారు. (దీన్ని చేతబడి అనుకుని తాయెత్తుల కోసం తిరిగేవారు ముందు వైద్యుణ్ణి కలవాలి.)

అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరుకునే వయసును దివ్య ఖుర్ఆన్ (16:70) ప్రస్తావించింది. అటువంటి వార్ధక్యం నుండి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారు. వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనకూడదన్న ఆజ్ఞ (17:23) మనందరికీ తెలిసిందే.

మరి అమ్మీని ఇంట్లోనే ఉంచుకుని, గదికి బయట గొళ్లెం పెట్టి, పొద్దస్తమానం ఆమెపై అరిచేవారు ఈ ఆజ్ఞను పాటించినట్లేనా? ఇంకో విషయం. సేవ చేస్తున్నానని కొడుకు నలుగురిలో చెప్పుకుంటాడు. పక్కబట్టలు మార్చేది, రాత్రంతా మేలుకునేది కోడలు. తల్లిదండ్రుల సేవ సంతానం విధి. కోడలు చేస్తే అది ఆమె ఔదార్యం, దానికి ఆమెకు పుణ్యం దక్కుతుంది. ఆమె ఆరోగ్యం పాడైపోతే ఆ లెక్క కూడా కొడుకు అల్లాహ్ ముందు చెప్పుకోవాలి.

ఇంట్లో సాధ్యమైనంత కాలం ఇంట్లోనే, అవసరమైతే సహాయకురాలిని పెట్టుకుని చూసుకోవాలి. వృద్ధురాలి ప్రాణానికే ప్రమాదం ఏర్పడినప్పుడు మాత్రం ఈ జబ్బు తెలిసినవారి చేతుల్లో ఉంచడం సేవలో భాగమేనని మా అభిప్రాయం. అక్కడికి పంపి మరచిపోవడం మాత్రం ముమ్మాటికీ పాపమే.

ఎటువంటి చోట? నెదర్లాండ్స్‌లోని వీస్ప్ పట్టణంలో 2009లో హోగెవేక్ అనే చోటు ప్రారంభమైంది. అది చిన్న ఊరిలా ఉంటుంది. వీధులు, అంగడి, తోట అన్నీ లోపలే. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు తమకు జీవితాంతం అలవాటైన పద్ధతిలోనే బతుకుతారు. మన పెద్దల అలవాట్లేమిటి? అజాన్ వినబడాలి, తలపై దుపట్టా ఉండాలి, స్త్రీకి స్త్రీయే స్నానం చేయించాలి, హలాల్ భోజనం పెట్టాలి. చేర్చే ముందు ఇవన్నీ అడగాలి. మన తెలుగు ప్రాంతాల్లో ఇన్నీ ఒకేచోట దొరకడం కష్టమే. అందుకే స్తోమత గలవారు, జమాఅత్ పెద్దలు ఈ పనికి పూనుకోవాలి.

నమాజులో రకాతులు తప్పుతున్నారని వారిని గద్దించకండి. మతి తప్పినవారి కర్మలు వారు కోలుకునే వరకు లిఖించబడవని దైవప్రవక్త (స) తెలియజేశారు.

అలాగే మతి లేని స్థితిలో చేసిన హిబా ధర్మశాస్త్రంలో చెల్లదు. ఇంటి కాగితాలపై వేలిముద్ర వేయించుకుని, ఆ తర్వాత తల్లిని కేంద్రంలో దించి వచ్చే కొడుకులు ఉన్నారు. ఆ ఇల్లు ఇంకా ఆమెదే. ఆమె ఖర్చు ముందు ఆమె సొమ్ము నుండే పెట్టాలి, అది చాలకపోతే సంతానం భరించాలి.