పెద్దల పూర్వదోషములు

ఒకనాడు చేసిన తప్పునకు మనుష్యుడు ఎంతకాలము ఉత్తరవాది? ఈ ప్రశ్న ప్రతి గృహమునందును ఏదో యొక రూపమున పుట్టుచునే యున్నది. పడుచుదనమున చుట్ట కాల్చిన తండ్రి, కుమారుని చేతిలో సిగరెట్టు చూచి మండిపడును. "మీరు కాల్చలేదా, నాన్నగారూ?" యని కుమారుడు అడిగెనా, తండ్రికి మూడు మార్గములు కలవు: అబద్ధమాడుట, గద్దించి నోరు మూయించుట, నిజము చెప్పుట. మొదటి రెండును సులభములు, మూడవది కష్టము. రాజ్యాధికారము కోరువారి ముందరను ఈ మూడు మార్గములే నిలుచుచున్నవి. కాని గృహస్థుడు దారి తప్పిన నష్టము ఒక కుటుంబమునకు. శాసనకర్త తప్పిన నష్టము వేలకొలది కుటుంబములకు.

నాయకులు పూర్వము గంజాయి త్రాగిరనియు, కొకెయిను పీల్చిరనియు పుట్టెడి వదంతులు అనేక దేశములలో ఎన్నికలకు తోడునీడలైనవి. వీనిని గూర్చి మిక్కిలి చర్చ జరిగినది అమెరికా సంయుక్తరాష్ట్రములలో. కావున ఆ దేశపు వృత్తాంతమునే ప్రధానముగా గ్రహించి విచారింతము.

1987వ సంవత్సరమున అధ్యక్షుడు రీగను, డగ్లస్ గిన్స్‌బర్గు అను న్యాయాధిపతిని సుప్రీముకోర్టు పదవికి ప్రతిపాదించెను. ఆయన తాను విద్యార్థిగా నున్నప్పుడును, పిమ్మట ఉపాధ్యాయుడుగా నున్నప్పుడును కొన్నిమారులు గంజాయి త్రాగినట్లు ఒప్పుకొని, పదిదినములైనను నిండకముందే తొలగిపోవలసి వచ్చెను. 1992లో అధ్యక్షపదవికి పోటీచేయుచున్న బిల్ క్లింటను, ఇంగ్లండులో చదువుకొనునప్పుడు ఒకటి రెండుమారులు గంజాయిని రుచి చూచితినని, కాని పొగను లోనికి పీల్చలేదని చెప్పెను. జనులు నవ్విరి; నవ్వుచునే ఎన్నుకొనిరి. 1999లో జార్జి డబ్ల్యు. బుష్షు కొకెయిను వాడెనను వదంతి బయలుదేరగా ఆయన ఔననలేదు, కాదనలేదు. యౌవనమున పొరపాట్లు చేసితినని మాత్రము చెప్పి ఊరకుండెను. ఆ వదంతికి రుజువు చూపినవారు లేరు. బరాక్ ఒబామాయో, ఇంకను ఏ ఎన్నికయందును నిలువక పూర్వమే, 1995లో ప్రకటించిన ఆత్మకథలో, తాను పడుచుదనమున గంజాయియు కొకెయినును వాడినట్లు ఎవరును అడుగకుండగనే వ్రాసికొనెను. 2008లో ఆయన అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఇరువదియొక సంవత్సరములలో లోకాభిప్రాయ మెంత మారినదో చూడుడు! ఒకనికి న్యాయపీఠమును దక్కనీయని దోషము, మరియొకనికి అధ్యక్షపీఠమున కడ్డు కాలేదు.

ఇది ఔదార్యమా, అలసత్వమా? ఈ సంశయమును తీర్చుకొనుటకు ముందు వదంతి యను దానిని విడదీసి చూడవలయును. నిప్పులేనిదే పొగ రాదని మనవారి సామెత. ఈ సామెతను నమ్మి ఎందరి పరువునో బజారున పెట్టుచున్నాము. వాషింగ్‌టను నగరాధ్యక్షుడైన మారియన్ బారీని గూర్చి కొకెయిను వదంతులు చాలకాలము వ్యాపించెను. ఆయన కాదనుచు వచ్చెను. 1990 జనవరిలో పోలీసువారు పన్నిన ఉచ్చులో, ఛాయాగ్రాహకయంత్రము ఎదుటనే పట్టుబడి, ఆరునెలలు కారాగృహమున నుండెను. అక్కడ పొగయు నిప్పును రెండును కలవు. 2022లో ఫిన్‌లాండు ప్రధానమంత్రిణి సన్నా మారిన్ స్నేహితులతో కూడి నాట్యమాడుచున్న చలనచిత్ర మొకటి బయటపడెను. అందెవరో పలికిన ఒక మాట మాదకద్రవ్యమును సూచించుచున్నదని కొందరు ఊహించిరి. ఆమె తన సొంతవ్యయముతో పరీక్ష చేయించుకొనెను. ఏ మాదకద్రవ్యమును లేదని తేలెను. అక్కడ పొగయే కాని నిప్పు లేదు. దూరమున నుండి చూచువారికి ఈ రెండు పొగలును ఒక్కటిగనే కనబడెను. కావున వదంతి జ్ఞానము కాదు. విచారణకు కారణము కావచ్చును గాని తీర్పునకు ఆధారము కానేరదు. చాకలి పలికిన మాటకు సీతాదేవి అడవిపాలైన కథ విని కన్నీరు కార్చు మనమే, పొరుగింటి మాటను పట్టుకొని మరియొకరిని అడవికి పంపుచుండుట వింతకాదా?

ఇక నిజముగా తప్పుచేసి, పిమ్మట మానినవాని సంగతి. భారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. చేయని దొంగతనమునకు కొరతవేయబడిన ఆ ముని, యముని కడకు పోయి, ఏ పాపమున కీ శిక్ష యని అడిగెను. బాల్యమున నీవు పురుగులను పుల్లతో గ్రుచ్చితివని యముడు బదులుచెప్పెను. అంత మాండవ్యుడు, స్వల్పదోషమునకు ఇంత శిక్ష విధించితివి గాన శూద్రయోనిని పుట్టుమని యముని శపించి, పదునాలుగేండ్ల ప్రాయమువరకు చేసినది పాపము కాదని కట్టడి చేసెను. ఆ శాపములోని కులదృష్టిని మేము అంగీకరింపము. కాని కట్టడిలోని ధర్మసూక్ష్మము గొప్పది. దండన దోషమునకు తగియుండవలయును. తెలిసియు తెలియని వయస్సును లెక్కలోనికి తీసికొనవలయును. పదునెనిమిదేండ్లవాడు పదునాలుగేండ్లవాడు కాడు, నిజమే. అయినను ఆ వయస్సున చేసినదానిని నలుబదియైదవ యేట త్రవ్వి తీసి, నడుమనున్న జీవితమంతయు లేనట్లే తీర్పు చెప్పుట యముని న్యాయమే కాని మాండవ్యుని న్యాయము కాదు.

అట్లయిన క్షమించి ఊరకుండవచ్చునా? ఇక్కడనే అసలు చిక్కు. మాండవ్యుడు తాను పడిన బాధనుండి లోకమున కంతటికిని ఒక కట్టడి చేసెను. తనకు మాత్రమే మినహాయింపు కోరలేదు. నాయకులు చేసినదేమో చూతము. 1986లో అమెరికా శాసనసభ ఒక చట్టము చేసెను. కొకెయిను పొడిని వంటసోడాతో ఉడికించి గడ్డకట్టించినదానికి క్రాక్ అని పేరు. ఈ గడ్డ ఐదు గ్రాములు అమ్మజూపినవానికి ఎంత శిక్షయో, పొడి ఐదువందల గ్రాములు అమ్మజూపినవానికి అంత శిక్ష: కనీసము ఐదేండ్ల చెర. రెండేండ్లకు, గడ్డను ఐదు గ్రాములకు మించి కేవలము దగ్గర నుంచుకొన్నవానికిని ఆ శిక్షయే విధింపబడెను. ద్రవ్య మొక్కటే, భేదము వాడువారి యంతస్తులో. గడ్డకు శిక్షపడినవారిలో అత్యధికులు నల్లజాతి పేదలు. ఈ భేదమును తీసివేయుడని శిక్షానిర్ణయసంఘము 1995లో సిఫారసు చేయగా శాసనసభ త్రోసిపుచ్చెను. ఆ త్రోసిపుచ్చిన శాసనముమీద సంతకము చేసినది క్లింటను. పొగను లోనికి పీల్చలేదన్న మాటకు నవ్విన లోకము, ఈ సంతకమును గూర్చి ఎంతమాత్రము విచారించినది?

2010లో ఒబామా సంతకము చేసిన శాసనమువలన నూటికి ఒకటిగా నున్న ఆ భేదము పదునెనిమిదికి ఒకటి యయ్యెను. గడ్డను కేవలము దగ్గర నుంచుకొన్నవానికి విధింపబడిన కనీసశిక్ష తొలగెను. భేదము పూర్తిగా పోలేదు. కావున ఇది సంపూర్ణన్యాయ మనము. కాని 2015లో ఆయన ఓక్లహామాలోని కారాగృహమునకు స్వయముగా పోయి ఖైదీలతో మాటలాడి, వీరు చేసిన తప్పులు నేను చేసినవానికంటె అంత భిన్నములు కావని ఒప్పుకొనెను. పదవి విడుచునాటికి 1,715 మంది శిక్షలను తగ్గించెను. వారిలో పెక్కుమంది మాదకద్రవ్యముల నేరమునకు శిక్షపడినవారు. తన పూర్వదోషమును జ్ఞప్తియందుంచుకొనినవాడు చేయదగిన పని యిట్టిది.

మా యభిప్రాయ మిది. నాయకుడు పూర్వము తప్పుచేసెనా లేదా యనునది రెండవ ప్రశ్న. తాను తప్పించుకొనిన శిక్షను, తప్పించుకొనలేని పేదవానికి నిర్దయగా విధించుచున్నాడా యనునది మొదటి ప్రశ్న. తనకు లోకము చూపిన క్షమను ఇతరులకు కొలిచి యిచ్చువాడు క్షమార్హుడు. తాను ఒక కుంచముతో పుచ్చుకొని మరియొక కుంచముతో ఇచ్చువాడు, ఎన్నడును మత్తుపదార్థమును తాకనివాడైనను అధికారమునకు తగడు. మౌనము వహించు హక్కు సామాన్యగృహస్థునకు కలదు. అదే పనికి పరులను చెరబెట్టు అధికారము కోరువానికి ఆ హక్కు అంత నిండుగా లేదు.

ఇట్లు క్షమించిన పిల్లలు చెడిపోవుదురని కొందరు భయపడుదురు. ఈ భయము తక్కువది కాదు. మత్తు ఎన్ని సంసారములను కూల్చినదో సంస్కారప్రియులగు మన చదువరులకు చెప్పనక్కరలేదు. కాని పిల్లలను చెరచునది నిజము కాదు, కపటము. పెద్దలు చేసి దాచిరని తరువాత తెలిసికొన్న పిల్లవాడు, పెద్దల మాటలన్నియు దాచిన మాటలే యని తలచును. మన దేశమున 1985లో చేయబడిన మాదకద్రవ్యముల చట్టమునందును, వ్యసనమునకు లోబడినవాడు స్వయముగా చికిత్స కోరివచ్చిన యెడల వానిని శిక్షనుండి విడిచిపెట్టు నియమ మొకటి కలదు. నిజము చెప్పినవానికి తలుపు తెరచియుండవలయునని చట్టమే గుర్తించినప్పుడు, గృహము గుర్తింపకుండుట తగునా?

గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో బాల్యమున పారవేసిన చుట్టముక్కలు ఏరి కాల్చుటయు, అన్నగారి కడియమునుండి బంగారపుముక్క దొంగిలించుటయు దాచక వ్రాసెను. ఆ దొంగతనమును చీటిమీద వ్రాసి, వ్యాధితో మంచముపట్టిన తండ్రిచేతి కిచ్చి, శిక్షింపుమని వేడుకొనెను. తండ్రి చదివి, కన్నీరు కార్చి, చీటిని చింపివేసెను. ఆ యింట తప్పును ఒప్పుకొనుట కుమారుని వంతు, క్షమించుట తండ్రి వంతు అయ్యెను. ప్రజాప్రభుత్వమున నాయకుని ఒప్పుకోలు వినువారము మనమే. ఆయన చెరబెట్టువారును మన బిడ్డలే. చీటిని చింపివేయుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుదము: "అయ్యా, నీవు చేసినదే చేసి నేడు చెరలో నున్న మా బిడ్డ చీటిని నీవేమి చేసితివి?"