నిజమే కదా

ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర, ఆ రోజు రాని ఒకతని గురించి మాట్లాడుకుంటున్నాం. అతని కోడ్ మళ్ళీ ఎవరో ఒకరు రాయాల్సిందే అన్నాను. "గీబత్ అవుతుంది, వదిలెయ్ రా" అన్నాడు స్నేహితుడు. "అబద్ధం చెప్పలేదుగా?" "అబద్ధమైతే దాని పేరు వేరు."

ఆ రాత్రి చదివాను. సహీహ్ ముస్లింలోని ఒక హదీసు ప్రకారం, మనిషి వెనకాల అతనికి నచ్చని మాట అనడమే గీబత్, ఆ లోపం అతనిలో ఉన్నా సరే. లేకపోతే అది బుహ్తాన్, అపనింద. నేను డాలు అనుకున్న నిజం అసలు నిర్వచనంలోనే ఉంది! ఖురాన్ 49:12 దీన్ని చచ్చిపోయిన సోదరుడి మాంసం తినడంతో పోలుస్తుంది. శవం ఎదురు చెప్పలేదు కదా.

గజాలీ 'ఇహ్యా'లో మినహాయింపులూ ఉన్నాయి: అన్యాయం మీద ఫిర్యాదు చేయొచ్చు, హాని ఉంటే హెచ్చరించొచ్చు. తర్వాతి వారమే వేరే టీమ్ మేనేజర్ అతని గురించి అడిగాడు. పని సంగతి చెప్పి ఊరుకోవాల్సింది. అడక్కుండానే అతని ఇంటి గొడవలూ చెప్పాను, "పాపం" అని చేర్చి. జాలి ముసుగు వేసుకున్న గీబత్ గురించి కూడా గజాలీ రాశాడు. అది చదివాకే చెప్పాను.

అతనికి ఆ టీమ్ రాలేదు. నా మాటొక్కటే కారణం కాకపోవచ్చు.

అతన్నే క్షమాపణ అడగాలంటారు కొందరు పండితులు. అతనికి తెలియకపోతే చెప్పి నొప్పించకుండా, అతని కోసం దేవుణ్ణి వేడుకుంటే చాలంటారు ఇంకొందరు. నాకు దేవుడు లేడు కాబట్టి మిగిలింది మొదటి దారే.

నిన్న లిఫ్టులో కనిపించి, "ఏం బాస్, బాగున్నావా?" అన్నాడు. ఫ్లోర్ నంబర్లు చూస్తూ నిలబడ్డాను.