మేఘము నిలిచిన చోట

పాఠము: సంఖ్యాకాండము 9:15–23

మన సంఘములలో కుమారులను సైన్యమునకు పంపిన కుటుంబములు కలవు. ఆ జవానుల బిడ్డలు వేసవిలో తాతగారి యింటికి వచ్చినప్పుడు మనము మామిడిపండ్లు పెట్టి ముద్దు చేయుదుము గాని, వారి చదువు ఎట్లు సాగుచున్నదో అడుగువారు తక్కువ. రెండు మూడేండ్లకొక ఊరు, ఊరికొక బడి. తండ్రిని సరిహద్దునకు పంపినప్పుడు తల్లియు బిడ్డలును వేరొకచోట నుండవలసి వచ్చును.

గత వేసవిలో అట్టి బాలుడొకడు మాయొద్దకు వచ్చెను. తొమ్మిదవ తరగతి ముగించినాడు. సికిందరాబాదు, జోధ్‌పూర్, తేజ్‌పూర్ అను మూడు చోట్ల చదివినాడు. పదవ తరగతికి నాల్గవ ఊరు. "కొత్త బడిలో పుస్తకాల సంచి విప్పబుద్ధి కాదండి అయ్యగారూ, మళ్లీ కట్టాల్సిందే గదా" అనెను. వాని నాయనమ్మ, "పిల్లవాణ్ణి మా దగ్గరే వదిలేయమని మీరైనా చెప్పండి" అని కన్నీళ్లు పెట్టుకొనెను. మేమును మొదట ఆమె పక్షముననే యుంటిమి.

ఇశ్రాయేలీయుల ప్రయాణము చూడుడి. మేఘము ఒకచోట సంవత్సరము నిలిచెను, మరియొకచోట రెండు దినములు. ఒక్కొక్కప్పుడు సాయంకాలము దిగి ఉదయముననే లేచెను. ఎన్నాళ్లుందుమో వారికి తెలియదు. అయినను దిగినచోట మందిరమును నిలువబెట్టవలెను. దాని వెండి దిమ్మలు నూరు, ఒక్కొక్కటి ఒక తలాంతు బరువు. రేపు మరల ఊడదీయవలసినదే గదా అని మెరారీయులు ఆ దిమ్మలను బండిలోనే యుంచలేదు.

అదే అధ్యాయములకు ముందు, నాల్గవ అధ్యాయము 32వ వచనములో, వారు మోయు వస్తువులను పేరు పేరు వరుసను లెక్కపెట్టవలెనని ఆజ్ఞ యున్నది. మేకులు, త్రాళ్లు సహా! ఇది విసుగు పుట్టించు జాబితా యని మేము సెమినరీలో దాటివేసితిమి. బదిలీ కుటుంబములకు ఇంతకంటె పనికివచ్చు వచనము లేదు. టీసీ, మార్కుల పత్రములు, పుట్టినతేది పత్రము ట్రంకుపెట్టెలో వేయక చేతిసంచిలో నుంచవలెను. ఏ పుస్తకములో ఏ పాఠము వరకు చెప్పిరో వ్రాసి పాత ఉపాధ్యాయునిచేత సంతకము చేయించి, క్రొత్త బడిలో మొదటి వారమే చూపవలెను. అక్కడ జరిగిపోయిన పాఠమును సిగ్గుపడక అడుగవలెను. అర్ధసంవత్సర పరీక్షవరకు దాచినవాడు దాచినంత నష్టపోవును.

ఇట్టి బిడ్డల కొరకే ప్రభుత్వము 1962లో సెంట్రల్ స్కూళ్ల పథకమును ఆమోదించి, మరుసటి సంవత్సరము రెజిమెంటు బడులను తీసికొని ఆరంభించెను. అవే నేటి కేంద్రీయ విద్యాలయములు. ఏ రాష్ట్రమునకు పోయినను పాఠ్యక్రమము ఒక్కటే. తొమ్మిదవ తరగతిలోనే బోర్డునకు పేరు నమోదగును గనుక పదిలో బోర్డు మార్చుట మంచిది కాదు. ఈ సంగతి విచారించి తెలిసికొనిన పిమ్మట నాయనమ్మకు, "అమ్మా, ఇక్కడ ఉంచితే వాడి చదువే పాడవుతుంది" అని చెప్పితిమి. ఆమె రెండు ఆదివారములు మాతో సరిగా మాటలాడలేదు.

ఇంకొక దుఃఖము కలదు. ఆ బాలునికి హిందీ, ఇంగ్లీషు, కొంత సంస్కృతము వచ్చును గాని తెలుగు అక్షరములు రావు. కుటుంబ ప్రార్థనలో బైబిలు చేతికిచ్చినప్పుడు తల వంచుకొనెను. దానియేలు కల్దీయుల భాషను, విద్యను నేర్చి రాజునొద్ద నిలిచెను. అయినను యెరూషలేము తట్టు కిటికీ తెరచి ప్రార్థించుట మానలేదు. ఆ కిటికీని మనము తెరువవలెను, బిడ్డను నిందించి లాభమేమి? నాయనమ్మ కోపములో నుండియే రోజుకొక గంట వానిచేత యోహాను సువార్త కూడబలికించెను.

బడి తెరచిన కొన్ని వారములకు తెలుగులో ఒక ఉత్తరము వచ్చినది. అక్షరములు వంకరగా నున్నవి. లెక్కలలో అక్కడివారు రెండు పాఠములు ముందున్నారనియు, మాస్టారిని అడిగితిననియు, సాయంకాలము తోటి విద్యార్థితో కూర్చుండి వ్రాయుచున్నాననియు తెలిపెను. నాయనమ్మ దానిని బైబిలులో పెట్టుకొని మందిరమునకు తెచ్చుచున్నది.