టేకువనము నేర్పు పాఠము



కేరళలోని నిలంబూరులో 1840వ దశకములో మలబారు కలెక్టరు కోనోలీ టేకు నాటించారు. నేడు టేకును రెండేసి మీటర్ల ఎడముతో నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. లేతప్రాయములో ఆ ఒత్తు మేలే. మొక్కలు నిటారుగా లేస్తాయి. కొమ్మలు కలిసిన తరువాత మాత్రము వెలుగుకు, నేలలోని తడికి పోటీ కలుగుతుంది. అందుచేత సాధారణముగా అయిదవ ఏట, పదవ ఏట కొన్ని చెట్లను తీసి వనమును పలుచన చేస్తారు.

టేకు ఎండకాలములో ఆకు రాల్చి, తొలకరికి చిగిర్చి, వానల్లో లావెక్కుతుంది. పలుచన చేసినచోట కురిసే వాన అదే; పంచుకొనే చెట్లు తక్కువ. గనుక వానలు వెలిసినా వేళ్లకు తడి మిగిలి, ఎదుగుదల మరికొన్నాళ్లు సాగవచ్చు. మాను లోపల ఆ ఏటి వలయము వెడల్పవుతుంది. ఆలస్యము చేస్తే, నీడలో గుబురు కుంచించుకుపోయిన చెట్టు త్వరగా కోలుకోదు.

ప్రియులారా, సంఘములో నరకదగిన మనిషి ఎవరూ లేరు. అయితే పెద్దలమైన మనము మన నీడను తగ్గించుకొనగలము. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు ప్రార్థన నడిపింపు, సండేస్కూలు పాఠము, లెక్కల పుస్తకము ఈ సంవత్సరమే అప్పగించుదము. వాన కురిపించువాడు దేవుడు. చోటు ఇవ్వవలసినవారము మనము. ఆమేన్.