విత్తమన్నది ఎవరు?

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతుల ఫోన్లకు ఎప్పుడు విత్తాలో చెప్పే సందేశాలు వెళ్లాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలను కంప్యూటరుతో జల్లించి చేసిన పని అది. జూన్ మొదటి వారంలోనే విత్తే అలవాటున్న చోట, నెల చివరి వారం దాకా ఆగమన్నారు. (కార్తెల లెక్కలో అది ఆరుద్ర. మన తాతలు వింటే పెద్దగా ఆశ్చర్యపోయేవారు కాదు.) దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఆ ఫలితాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ ఏడు వానలు మృగశిరలోనే కురిసి తర్వాత మొహం చాటేసి ఉంటే, ఆగి చెడిన రైతు నష్టం ఎవరి ఖాతాలో పడాలి?

బాపట్లలోనో సంగారెడ్డిలోనో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివి, నేల తేమ కొలిచే సెన్సర్లతో మొదలుపెట్టి, డ్రోన్ల మీదుగా కృత్రిమ మేధ దాకా వచ్చిన పరిశోధకుడికి ఈ ప్రశ్న తన ఉద్యోగానికి సంబంధం లేనిదిగా తోస్తుంది. సాధనం ఇవ్వడం వరకే నా పని, విత్తింది రైతు అంటాడు. కర్మ మీదే తప్ప ఫలం మీద అధికారం లేదని గీత రెండో అధ్యాయం చెప్పనే చెప్పింది కదా అని కూడా అనవచ్చు. కానీ గీత వదలమన్నది తన ఫలం మీది ఆశను. ఇక్కడ ఫలం ఇంకొకరిది, అందులో వాళ్ల ఏడాది తిండి ఉంది. ఎదుటివాడి పంట ఏమైతేనేం అనుకోవడాన్ని వైరాగ్యమనలేం. మూడో అధ్యాయంలో లోకసంగ్రహం కోసం పనిచేయమన్నదీ ఆ గీతే. పైగా ఆ పరిశోధకుడు తన ఫలాన్నయినా వదులుకున్నాడా? పత్రాలు, పేటెంట్లు, పదోన్నతులు, వార్షిక నివేదికలో ‘లబ్ధి పొందిన రైతుల సంఖ్య’ అన్నీ అతని పేరునే ఉంటాయి. పంట పండితే కర్త, ఎండితే వట్టి పనిముట్టు అంటే ఏ దర్శనమూ ఒప్పుకోదు.

పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. వాన దైవాధీనం అనేవాళ్లు అయిదోదాన్ని పట్టుకుని మిగతా నాలుగింటినీ వదిలేస్తారు. కంప్యూటరు మోడల్‌ను కరణాల్లో చేర్చి ఊరుకోవచ్చా? నాగలి కూడా కరణమే. అయితే ఎప్పుడు దున్నాలో నాగలి చెప్పదు. ఏ ఏళ్ల వర్షపాతం తీసుకోవాలి, ఏ నేలలను లెక్కలోకి తేవాలి, ఎంత పొరపాటును సహించవచ్చు అన్నవి ముందే తేల్చి పెట్టినవాడి సంకల్పం మోడల్‌లో ఉంటుంది. మండలం సగటును పెంచాలని తయారైన లెక్క, సగటును పెంచుతూనే కొన్ని చేలను ముంచగలదు. ఆ నష్టం కూడా అందరికీ ఒక్కలా తగలదు. వేరుశనగకు విత్తనం ఖర్చే బరువు. కౌలు రైతుకు దాని మీద కౌలు కూడా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. అది దొరకనివాడికి పరిహారమూ, బ్యాంకు రుణమూ దూరమే. ఒకే సందేశం, ఒకే పొరపాటు. ఒకడికి చేదు అనుభవం, ఇంకొకడికి అప్పు.

పంచాంగం తప్పితే సిద్ధాంతిని నిలదీశామా, మరి ఇంజినీరు మీదే ఈ పట్టుదల ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన మాటే. కాకపోతే కార్తె ఊరందరికీ తెలిసిన లెక్క. రైతు దాన్ని ఆకాశంతో, పదునుతో, పోయినేటి అనుభవంతో సరిచూసుకుని తానే తీర్పు చెప్పుకుంటాడు. సందేశం తేదీని మాత్రం చెప్పి కారణాన్ని తన దగ్గరే దాచుకుంటుంది. తర్కించే వీలు లేని చోట వినేవాడి కర్తృత్వం తగ్గుతుంది, తగ్గినంతా చెప్పినవాడికి చేరుతుంది.

ఇంత బాధ్యత నెత్తిన పెడితే కొత్త పరిశోధన ఎవరు చేస్తారన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. దీనికి సమాధానం పూర్వమీమాంసలో దొరుకుతుందని నా అభిప్రాయం. యజ్ఞంలో పని ఋత్విక్కులది, ఫలం యజమానిది, ఋత్విక్కులకు దక్కేది దక్షిణ. ఇది ఇంజినీరుకు అనుకూలంగానే వినిపిస్తుంది. కానీ అదే యజ్ఞంలో బ్రహ్మ అనే ఋత్విక్కు ఉంటాడు. చాలావరకు మౌనంగా కూర్చుని గమనిస్తూ, ఎక్కడైనా లోపం జరిగితే ప్రాయశ్చిత్తంతో సరిదిద్దుతాడు. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకుని, దాని కోసం ఒక మనిషిని, ఒక విధిని, ఒక దక్షిణను ఏర్పాటు చేశారు. అది శిక్ష కాదు, కర్మలో భాగం. పొలానికి వస్తే దీని అర్థం తేలికే: ముందు అర ఎకరంలో వేసి చూడమనడం, పదేళ్లలో ఎన్నేళ్లు ఈ తేదీ తప్పవచ్చో సందేశంలోనే చెప్పడం, కోతలయ్యాక నష్టపోయిన చేలకు వెళ్లి నమోదు చేయడం, అందుకయ్యే ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే రాయడం. అది విస్తరణాధికారి పని కదా అంటే, ఏ ఏడాది వర్షపాతాన్ని లెక్కలోంచి తీసేశారో విస్తరణాధికారికి తెలియదు. బ్రహ్మకు మిగతా ఋత్విక్కుల వేదాలన్నీ తెలిసి ఉండాలన్నారు. తెలియనివాడు లోపాన్ని ఎలా పసిగడతాడు? మోడల్ లోపలి సంగతి తెలిసినవాడే ఆ చేల గట్ల మీద తిరగాలి.