పొగ ఎవరిది? ఊపిరి ఎవరిది?



నాందేడ్‌లో దెగ్లూర్ నాకా దగ్గర సాయంకాలము నిలబడినవారికి ఈ సంగతి కొత్త కాదు. షేర్ ఆటోలు సీట్లు నిండేవరకు ఇంజను ఆపకుండా నిలిచి ఉంటాయి. వాటి వెనుక లారీలు, ఎస్టీ బస్సులు, మోటారు సైకిళ్ళు. పని నుండి తిరిగి వచ్చే మన స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని ఆ పొగలోనే నిలబడి ఉంటారు. చేయి పట్టుకొని నడిచే పిల్లవాని ముఖము ఇంచుమించు సైలెన్సరు ఎత్తుకే వస్తుంది.

ఒకనాడు అక్కడ మనవాడే అయిన ఒక ఆటో డ్రైవరుతో, "తమ్మీ, ఈ పొగ చూస్తున్నవా? బండి జర బాగు చేయించరాదా?" అన్నాను. అతడు కోపపడలేదు. "అన్నా, ఈ పొగ మీరు పది నిమిషాలు మింగుతరు. నేను పొద్దుగాల నుంచి రాత్రి దాంక మింగుత. నాకేమన్న ఇష్టమా? బండి నాది కాదు, సేటుది. కొత్త బండికి పైసలు ఎవరిస్తరు?" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. పొగ తక్కువ వచ్చే బండ్లు కావాలని అందరమూ ఒప్పుకుంటాము. అయితే ముందు మారవలసినవాడు ఎవడు? ఆ ఖర్చు ఎవరు మోయాలి? ఇది ఇంజనీర్ల ప్రశ్న అనుకుంటాము గాని, నిజానికి ఇది న్యాయాన్యాయముల ప్రశ్న.

మొదట పొగ అంటే ఏమిటో చూద్దాము. పెట్రోలు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటు ఆక్రమిస్తుంది. డీజిలు పొగలో కంటికి కనబడని మసి రేణువులు ఉంటాయి. 2.5 మైక్రాన్లకన్న చిన్న రేణువును మన తలవెంట్రుకతో పోలిస్తే అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగువరకు పోతుంది. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో ప్రకటించింది. పాత టూ స్ట్రోక్ ఆటోల సంగతి మనకు తెలిసినదే. వాటిలో నూనె పెట్రోలుతో కలిసి మండుతుంది, కొంత పెట్రోలు మండకుండానే బయటికి పోతుంది. పైగా చవక అని కిరసనాయిలు కలిపితే ఆ నీలి పొగ వీధినంతా కప్పేది.

ఇక్కడే మొదటి అభ్యంతరము వస్తుంది. "ఊరిలో ఇన్ని వేల బండ్లు ఉండగా నా ఒక్క బండి పొగతో ఏమవుతుంది?"

ఈ మాట నేనూ అన్నవాడినే. దాచకుండా చెబుతాను. కొన్నేళ్ళ క్రితము నా పాత స్కూటరుకు పొగ పరీక్ష సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. నేను స్కూటరు తీసుకొనిపోలేదు. నంబరు చెప్పి, డబ్బులిచ్చి, కాగితము తెచ్చుకొన్నాను. పోలీసు ఆపితే చూపించడానికి జేబులో పెట్టుకొన్నాను. మనస్సు కొంచెము గుచ్చినా, అందరూ చేసేదే గదా అని సర్దుకొన్నాను. ఆ కాగితము పోలీసును సంతృప్తి పరచింది గాని, నా వెనుక నడిచేవాని ఛాతీని సంతృప్తి పరచలేదు. పరీక్ష యంత్రములో పెట్టవలసినది సైలెన్సరు. నేను పరీక్ష తప్పించినది నా మనస్సాక్షికి.

ఒక్కరి వంతు చిన్నది అనే వాదము ఎంత తప్పో సీసము కథ చెబుతుంది. ఇంజను కొట్టుకోకుండా సాఫీగా నడవాలని వెనుకటి కాలములో పెట్రోలులో సీసము కలిపేవారు. ఏ ఒక్కని టాంకులోని సీసమూ ఏ ఒక్క బిడ్డకూ హాని చేసిందని ఎవరూ చూపించలేరు. అయినా అందరి టాంకులలోని సీసము కలిసి పిల్లల రక్తములోకి చేరింది, వారి తెలివికి చెరుపు చేసింది. 2000 ఫిబ్రవరి 1 నుండి మన దేశమంతటా సీసము లేని పెట్రోలు మాత్రమే అమ్మాలని నిర్ణయమైంది. ఈనాడు దానిని ఎవరైనా తలచుకొని విచారిస్తున్నారా? లేదు. అలవాటు మానడము అసాధ్యమని అనుకొన్నాము, మానిన తరువాత మరచిపోయాము. చిన్న చిన్న వంతులు కలిసి పెద్ద హాని అయినప్పుడు, నా వంతు చిన్నదని చెప్పి తప్పించుకొనే హక్కు నాకు లేదు.

గోదావరి ఒడ్డున బ్రదుకుతున్న మనకు ఇది ఇంకా తేలికగా అర్థము కావాలి. 1956 నవంబరు 1 వరకు నాందేడ్, నిజామాబాదు రెండూ ఒకే హైదరాబాదు రాష్ట్రములో ఉండేవి. ఎల్లలు గీసిన తరువాత నీటికి తగవు వచ్చింది. మన జిల్లాలోని బాభళీ ఆనకట్ట విషయము సుప్రీం కోర్టు దాకా పోయింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. 2.74 టి.ఎం.సి.లు మాత్రమే నిలుపుకోవాలి, జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు తెరచి ఉంచాలి అని లెక్క కట్టి చెప్పారు. ఎగువవాడు చేసే పని దిగువవాని మీద పడుతుంది గనుక లెక్క అవసరమైంది. గాలికి గేట్లు లేవు. వజీరాబాద్‌లోని గాలి ఇది, శివాజీనగర్‌లోని గాలి అది అని పంచుకోలేము. నీటి విషయములో ఎగువవాడెవడో తెలుస్తుంది. రోడ్డు మీద మాత్రము బండి ఎక్కిన ప్రతివాడూ ఎగువవాడే, దిగి నడిచిన ప్రతివాడూ దిగువవాడే.

గాలి కోసము కూడా కోర్టుకు పోయినవారున్నారు. కాలుష్యము లేని నీటిని, గాలిని అనుభవించడము జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీం కోర్టు చెప్పింది. అంతకుముందే, 1985లో, ఎం.సి. మెహతా అనే న్యాయవాది ఢిల్లీ గాలి విషయమై పిటిషను వేశారు. ఆ కేసులో 1998 జూలై 28న ఒక పెద్ద ఆజ్ఞ వచ్చింది. ఢిల్లీ నగర బస్సులన్నీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి. గ్యాసుతో నడవాలి. 1990కి ముందటి ఆటోలు, టాక్సీలు పోయి గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనముతో నడిచే కొత్త బండ్లు రావాలి. గడువులు జరిగాయి, వాదనలు జరిగాయి, చివరికి 2002 ముగిసేనాటికి నగర బస్సులలో డీజిలు పోయింది. నల్లని పొగ తగ్గింది. ఆ ఆజ్ఞ మంచిదేనని నేను నమ్ముతాను.

అయితే ఆ రోజులలో భారము ఎవరి మీద పడింది? గ్యాసు పంపులు చాలక ఆటో డ్రైవర్లు గంటల తరబడి, ఒక్కొక్కసారి రాత్రంతా, వరుసలో నిలబడ్డారు. వరుసలో నిలబడిన పూట సంపాదన లేదు. గడువు దాటగానే బస్సులు తగ్గి కూలి జనము రోడ్ల మీద నిలిచిపోయారు. సొంత కారులో తిరిగేవారికి ఆనాడు బండి మార్చుకొమ్మని ఎవరూ చెప్పలేదు. గాలి అందరికీ బాగుపడింది, బాగుచేసిన ఖర్చులో ఎక్కువ భాగము కష్టజీవి కట్టాడు. తరువాతి సంవత్సరాలలో సొంత బండ్ల సంఖ్య పెరిగిపోయి ఢిల్లీ గాలి తిరిగి చెడిపోయిన సంగతి మనమందరమూ చూస్తున్నాము. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఆజ్ఞ న్యాయమైనదైనా భారము పంచే పద్ధతి అన్యాయము కావచ్చు. రెండు, ఒక్కొక్క బండి పొగ తగ్గినా బండ్లు లెక్కకు మించితే లాభము మిగలదు.

రెండవ అభ్యంతరము నేటిది. "కరెంటు బండి కొంటే పొగ పోతుందా? కరెంటు బొగ్గుతోనే గదా వచ్చేది?" ఇది మంచి ప్రశ్న. మన దేశములో కరెంటు ఎక్కువ భాగము ఇప్పటికీ బొగ్గు నుండే వస్తున్నది. మన మరాఠ్వాడాలోనే పర్లీలో థర్మల్ కేంద్రమున్నది. గోదావరి వెంట దిగువకు పోతే రామగుండములో ఎన్.టి.పి.సి. వారి 2600 మెగావాట్ల కేంద్రమున్నది. మన వీధిలో పొగ లేకుండా తిరిగే ఆటో వెనుక అటువంటి ఏదో ఒక ఊరి చిమ్నీ ఉన్నదని మరచిపోకూడదు. పొగను ఇంకొకరి గుమ్మము ముందుకు నెట్టి మనము శుభ్రమైనవారమని చెప్పుకోవడము న్యాయము కాదు.

అయినా తేడా ఉన్నది. వీధిలోని వేయి సైలెన్సర్లకు కాపలా పెట్టడము కష్టము, ఒక్క చిమ్నీకి జల్లెడ పెట్టించడము సాధ్యము. పెట్రోలు బండి పాతబడుతున్నకొద్దీ పొగ పెరుగుతుంది, కరెంటు బండికి కరెంటు శుభ్రపడుతున్నకొద్దీ మేలు పెరుగుతుంది. అదే రామగుండములో జలాశయము నీటి మీద తేలే 100 మెగావాట్ల సౌరవిద్యుత్తు పలకలు 2022లో పని మొదలుపెట్టాయి. కాబట్టి కరెంటు బండి కొన్నవాడు పని ముగిసిందని అనుకోరాదు. చిమ్నీ దగ్గరివారి పక్షమున కూడా అడగవలసిన బాధ్యత అతనికి వచ్చిందని అనుకోవాలి.

మార్పు రావడము లేదని నిరాశపడనక్కరలేదు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాయి. అయిదవ మెట్టు ఎక్కకుండానే నాలుగు నుండి ఆరుకు పోయాము. ఇంధనములో గంధకము పది లక్షల భాగాలకు 50 నుండి 10కి తగ్గింది. హైదరాబాదులో 2019 మార్చిలో 40 కరెంటు బస్సులు వచ్చాయి. తిరుపతి నుండి తిరుమల కొండకు 2022 సెప్టెంబరులో కరెంటు బస్సులు మొదలయ్యాయి. మన రాష్ట్రములో అదే సంవత్సరము జూన్ 1న పూణె నుండి అప్పటి అహ్మద్‌నగర్‌కు ఎస్టీ వారి శివాయి బస్సు నడిచింది. కొండ ఎక్కగలిగిన బస్సు మన ఊరి చదును రోడ్ల మీద నడవలేదా?

ఇక ఆ డ్రైవరు తమ్ముని ప్రశ్నకు తిరిగి వస్తాను. అతడు చెప్పిన ఒక్క మాటలో అసలు చిక్కు ఉన్నది. బండి సేటుది, ఇంధనము డ్రైవరుది. ఏ బండి కొనాలో నిర్ణయించేది సేటు. రోజువారీ కిరాయి ఎట్లాగూ వస్తుంది గనుక చవక బండి, పాత బండి అతనికి లాభము. కరెంటు ఆటో కొనేటప్పుడు ఖర్చు ఎక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. ఎక్కువ ఖర్చు సేటు పెట్టాలి, తక్కువ ఖర్చు వలన మేలు డ్రైవరుకు. అందుకని సేటు కదలడు. నిర్ణయించేవాడు ఒకడు, పొగ మింగేవాడు ఒకడు, వారిద్దరితో సంబంధము లేకుండా పక్కన నిలబడిన బిడ్డ ఇంకొకడు.

నాకు తోచిన జవాబు ఇది. ఎవని చేతిలో ఎంపిక ఉన్నదో వాడే ముందు మారాలి. ఇంటిలో రెండు బండ్లు ఉన్నవాడు, కొత్త బండి కొనబోతున్నవాడు, కిరాయికి ఆటోలు తిప్పేవాడు, వీరు ముందు. రెక్కాడితే గాని డొక్కాడనివాడు చివర. అతనిని దోషిగా నిలబెట్టి మనము చేతులు కడుక్కోరాదు. మనలో ఆటోలు కిరాయికి ఇచ్చేవారు కొందరున్నారు. వారు తరువాతి బండి కొనేటప్పుడు డ్రైవరును కూర్చోబెట్టుకొని లెక్క వేయాలి. కరెంటు బండి వలన రోజుకు మిగిలే ఇంధనము డబ్బులో కొంత కిరాయికి కలుపుకొంటే ఇద్దరికీ గిట్టుబాటు కావచ్చు. మనలో చిట్టీలు వేసుకొని పెళ్ళిళ్ళు చేస్తున్నాము, ఇళ్ళు కడుతున్నాము. పది కుటుంబాలు కలిసి ఒక డ్రైవరు బండికి మొదటి కిస్తీ కట్టలేవా?

డబ్బు లేనివాడు చేయగలిగినవీ ఉన్నాయి. సీట్ల కోసము ఆగినప్పుడు ఇంజను ఆపవచ్చు. ఇంధనములో కల్తీ చేయకుండా ఉండవచ్చు. గాలి వడపోత, ప్లగ్గు సమయానికి శుభ్రము చేయించవచ్చు. ఆదివారము ఒకే వీధి నుండి నాలుగు బండ్ల మీద వచ్చేవారు ఒక్క బండిలో రావచ్చు. దగ్గరి దారి నడవవచ్చు. పొగ పరీక్షకు కాగితము కాకుండా బండిని తీసుకొనిపోవచ్చు. ఈ చివరిది నేను ఇప్పుడు చేస్తున్నాను. మొదటిసారి నిజముగా పరీక్షించినప్పుడు నా స్కూటరు తప్పింది. కార్బురేటరు బాగు చేయించిన తరువాత నెగ్గింది. అన్నాళ్ళు నా వెనుక నడిచినవారు ఎవరో నాకు తెలియదు, వారికి క్షమాపణ చెప్పే దారి కూడా లేదు.

అందుకే ఈ నాలుగు మాటలు వ్రాశాను. అప్పు తీసుకొన్నవానికి ఎవరికి తీర్చాలో తెలుస్తుంది. పొగ వదిలినవానికి ఎవరికి బాకీపడ్డాడో తెలియదు. తెలియనంత మాత్రాన బాకీ లేకపోలేదు. ఈసారి దెగ్లూర్ నాకా దగ్గర నిలబడినప్పుడు, మన బండి వెనుక ఎవరున్నారో ఒక్కసారి తిరిగి చూద్దాము.